కావ్య ఆపిన బంతులు

డిసెంబర్ 13, శనివారం. రెండు బకెట్ల బట్టలు ఉతికాను, ఏడు జతలు ఇస్త్రీ చేశాను, ఇడ్లీ పిండి రుబ్బాను. ఆయన పక్క గదిలో ఇంకా ఆఫీసు కాల్‌లోనే ఉన్నారు.

సాయంత్రం స్కూల్లో అమ్మాయిల ఫుట్‌బాల్ టీమ్ ఈ ఏడాది ఎలా ఆడిందో మాట్లాడుకోవడానికి మీటింగ్ పెట్టారు. ప్రతి మ్యాచ్‌కూ వెళ్లి లెక్క రాసిన తల్లిని నేనొక్కదాన్నే కాబట్టి కోచ్ సారు నన్నే చదవమన్నారు. గర్వంగా చదివాను: "ఎనిమిది మ్యాచ్‌లు. కొట్టిన గోల్స్ ఏడు, తిన్నవి పదకొండు." మా కావ్య గోల్‌కీపర్. తల దించుకుంది.

ఆటోలో మదీనాగూడ దాటాక అడిగింది.

"తిన్నవన్నీ తారీఖులతోని రాసినవ్. నేను ఆపినవి ఒక్కటన్న రాసినవా అమ్మా?"

"అవి స్కోర్ల లెక్కకు రావు గద బిడ్డా."

"అయితే సారును వచ్చే ఏడు గోల్ కాడ ఇంకెవర్నన్న నిలవెట్టుకొమ్మను. నేనాడ."

ఇంటికి రాగానే అన్నం వద్దని గది తలుపు వేసుకుంది. తను ఆడకపోతే శనివారాలు నేనెక్కడికి వెళ్లను? ఈ ఏడాదంతా నేను ఇల్లు దాటింది గ్రౌండ్‌లో ఆ పిల్లల బ్యాగుల దగ్గర కూర్చోవడానికే.

వంటింట్లో కూర్చుని ఒక్కో మ్యాచ్ గుర్తు చేసుకుంటూ, తను ఆపినవి లెక్క పుస్తకంలో రాశాను. ప్రగతి నగర్‌లో వానలో పొట్టకు కరుచుకున్న బంతి, మొహానికి తగిలి ముక్కు నుంచి రక్తం తెప్పించిన బంతి... ఇరవై ఆరు తేలాయి. తలుపు బయట నిలబడి అన్నీ చదివాను. లోపలి నుంచి కావ్య గొంతు వినిపించింది.

"ఇరవై ఏడు. జీడిమెట్లల పెనాల్టీ మరిచినవ్."

తలుపు మాత్రం తీయలేదు. వచ్చే ఏడాది సంగతి నేనూ అడగలేదు. ఇరవై ఏడు అని దిద్దాను. కావ్యకు నేను పడ్డ బాకీ చెల్లు.