శుక్రవారం కదలని లక్ష్మి

శుక్రవారం రాత్రి, కెంచార్లహళ్ళి

నీ డైరీలో నువ్వే రాసుకో: నువ్వు పిరికివాడివి. సభల్లో మూఢనమ్మకాల మీద మైకు పగిలేలా అరుస్తావు. సొంత ఇంటి గడప దగ్గర మాత్రం నోరు పెగలదు.

సాయంత్రం అమ్మ దీపం పెట్టిన కాసేపటికి, మన పట్టుపురుగులకు ఆకు కోసే నరసమ్మ వారం కూలి అడగడానికి వచ్చింది. మొగుడికి షుగర్ ఇంజెక్షన్ మందు అయిపోయిందట, ఈ రాత్రికే చింతామణిలో కొనాలట.

"దీపం పెట్టినాక, అదీ శుక్రవారం, లక్ష్మిని బయటికి పంపిస్తారామ్మా? రేపు రా," అంది అమ్మ.

"మీ లక్ష్మి మీ ఇంట్లోనే ఉండనీమ్మా. నేనడిగేది నా కూలి," అంది నరసమ్మ.

నీ చెయ్యి జేబు దాకా వెళ్ళింది. "ఈ ఇంట్లో దుడ్డంతా ఒకటేనప్పా," అని అమ్మ అనగానే వెనక్కి వచ్చేసింది. నరసమ్మ వెళ్ళిపోయింది. ఆ వెంటనే అన్న క్రికెట్ చూసే యాప్‌కి ఫోన్‌లో డబ్బు కట్టాడు.

"ఇదేందన్నా?" అంటే, "ఫోన్‌లో పోయేదానికి యాడిదిరా శుక్రవారం!" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది.

శుక్రవారం కూలి ఆపడం తాత చేశాడని నాన్న, నాన్న చేశాడని అన్న. ఒకరి కూలి ఆపి నిలబెట్టుకునేది ఏం లక్ష్మి? ఆ మందు దొరికిందో లేదో...

శుక్రవారమైనా సరే, కూలి అడిగిన రోజే ఇవ్వాలి.

శుక్రవారం లక్ష్మి కదలకూడదంటే అన్న ఫోన్‌లో డబ్బు కూడా కదలకూడదు.

చింతామణి ఆస్పత్రి ముందరి మందుల అంగడి ఇంకా తెరిచే ఉంటుంది. పెన్ను పక్కన పెట్టి, నరసమ్మ కూలి తీసుకుని బండి తియ్యి.

అమ్మ ఎక్కడికని అడిగితే నిజం చెప్పు.