మీటరుకు పడని తీగ

నవంబరు 12, బుధవారం
ఉదయం

వైరింగు పని చేసే మా బావమరిదికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మనకు అలవాటు. మా ఇంట్లో ఇప్పుడు ఉభయులు లేరు. కాబట్టి ఆ మాట వదిలేసి విషయానికి వస్తున్నాను.

ఈ ఏడు నెలల్లో నువ్వు పదకొండుసార్లు ఫోన్ చేశావు. నేను తీయలేదు. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, బెల్లు కొట్టకుండా వెళ్ళిపోయావు. కిటికీ తెర వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను. చేతిలో రుజువు లేక ఊరుకున్నాను. ఇప్పుడు ఉంది.

సోమవారం విచారణలో అడిగితే నువ్వు తడుముకోకుండా ఉండేందుకు, జరిగింది వరసగా రాస్తున్నాను.

ఊపిరితిత్తులు పాడయ్యాక మీ అక్కకు డాక్టరు ఆక్సిజన్ పెట్టె రాసిచ్చాడు. గదిలోని గాలి పీల్చుకుని, అందులోంచి ఆక్సిజన్ తీసి ముక్కుకు పంపే యంత్రం. కరెంటు ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఇక మంచం, వంటగట్టు ఉన్న మా ఇల్లుబండిలో ఊళ్ళు తిరగడం అయిపోయిందనుకున్నాను. నువ్వే అన్నావు, ఎందుకు అయిపోతుందక్కా, పైకప్పు మీద నాలుగు సోలార్ పలకలు, మంచం కింద రెండు లిథియం బ్యాటరీలు పెడితే కరెంటు స్తంభం లేని చోట కూడా నీ పెట్టె నడుస్తుంది అని. మీ అక్క నీ వీపు మీద చరిచింది. చిన్నప్పుడు ఇంట్లో ఫ్యూజులన్నీ ఎగరగొట్టినవాడు ఇవాళ నాకు కరెంటు ఇస్తాడట, చూడండి, అంది. నిన్ను చివరిదాకా ఫ్యూజు అనే పిలిచింది.

నేను నమ్మింది బ్యాటరీని కాదు, మీటరును. నీటి శాఖలో ముప్పై ఏళ్ళు మీటర్ల మధ్య బతికినవాణ్ణి. మీటరు దాటి గొట్టం వేసుకున్న ఇళ్ళను పట్టుకోవడమే నా ఉద్యోగం. అందుకే బండిలో కూడా నియమాలు పెట్టాను. బ్యాటరీ ఎనభై శాతానికి దిగితే కాఫీ కెటిల్ బంద్. డెబ్బైకి దిగితే రేడియో బంద్. యాభై చూపిస్తే సామాను సర్దుకుని కరెంటు ఉన్న చోటికి బయలుదేరాలి. కాళ్ళ కింద వేసుకునే కరెంటు మెత్త మాత్రం ఎంత ఉన్నా కుదరదన్నాను. వేడి చేసే వస్తువంత తిండిపోతు మరొకటి లేదు. పాదాలు కొయ్యబారిపోతున్నాయి అంటే రెండు జతల మేజోళ్ళు వేసుకోమన్నాను.

మీ అక్క నవ్వేది. నాకు అత్తగారు లేని లోటు మీ మీటరు తీర్చిందండీ, అనేది. పొద్దున లేస్తూనే, అత్తగారు ఏమంటున్నారు, కాఫీకి సెలవిచ్చారా, అని అడిగేది. తర్వాత తర్వాత నాలుగు మాటలకే ఆయాసం వచ్చేది. అప్పుడు చేతికి ఏది దొరికితే దాని మీద రాసి చూపించేది. అట్టముక్కలు, బిల్లుల వెనకవైపులు. ఇల్లంతా ఆ రాతే.

ఏప్రిల్‌లో ఆ సరస్సు ఒడ్డుకు బయలుదేరే ముందురోజు నువ్వు వచ్చి అన్నీ ఒకసారి బిగించి పోతానన్నావు. నాలుగు బోల్టులు తక్కువయ్యాయి, తెచ్చిపెట్టండి బావా, అని నన్ను బజారుకు పంపావు. నేను తిరిగొచ్చేసరికి అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు. ఆమె నవ్వు ఆపుకోలేక దగ్గుతోంది. ఏమిటని అడిగితే, ఏం లేదు బావా, పని అయిపోయింది, అన్నావు.

సరస్సు దగ్గర ఆరు రోజులు మబ్బు పట్టింది. బ్యాటరీ ఒక్కసారి కూడా పూర్తిగా నిండలేదు. మీ అక్క ఒక్కసారి కూడా చలి అనలేదు. ఏడో రోజు పొద్దున మీటరు అరవై నాలుగు చూపించింది. యాభైకి ఇంకా చాలా దూరం. నీళ్ళ డబ్బాలు తీసుకుని కుళాయి దాకా నడిచి వెళ్ళాను. రానూ పోనూ గంటా పది నిమిషాలు.

మెట్టు మీద కాలు పెట్టగానే తెలిసింది. పెట్టె చప్పుడు లేదు.

ఇన్వర్టరు ఆగిపోయి ఉంది. లిథియం బ్యాటరీ చివరిదాకా ముఖం మార్చదు, పడిపోయేటప్పుడు ఒక్కసారే పడిపోతుంది. మీటరు మాత్రం అరవై రెండు చూపిస్తోంది. అత్యవసరానికి దాచిన సిలిండరు బండి బయటి అరలో ఉంది. దాని తాళం నా జేబులో ఉంది. అరవై నాలుగు ఉన్నప్పుడు సిలిండరుతో ఏం పని?

అంత్యక్రియల రోజు నువ్వు అందరి ముందూ నా కాళ్ళు పట్టుకుని, తప్పు నాదే బావా, అన్నావు. ఏ తప్పు అని అడిగాను. మళ్ళీ అడిగాను. తల వంచుకుని ఏడ్చావు తప్ప చెప్పలేదు.

పోయిన వారం బండి అమ్మేద్దామని మంచం కింద బ్యాటరీల అర తెరిచాను. బ్యాటరీ మైనస్ వైపు షంట్ అనే ఇత్తడి దిమ్మ ఉంటుంది. నీకు చెప్పనక్కర్లేదు, విచారణలో వాళ్ళకు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. బండిలో వాడిన ప్రతి కరెంటూ ఆ దిమ్మ గుండానే పోవాలి. అప్పుడే మీటరుకు లెక్క తెలుస్తుంది. అక్కడ ఒక సన్నని నల్లతీగ కనిపించింది. దిమ్మకు అవతల, నేరుగా బ్యాటరీకే బిగించి ఉంది. ఆ తీగ మీద ఎంత కరెంటు పోయినా మీటరుకు పడదు. ఆరు రోజులు బ్యాటరీ ఖాళీ అవుతూ ఉంటే, మీటరు నాకు అరవై నాలుగు చెబుతూ ఉంది.

దొంగ కనెక్షను. ముప్పై ఏళ్ళు ఊరంతా వెతికి పట్టుకున్నాను. నా మంచం కిందే ఉంది.

ఆ తీగ ఎటు పోతుందో చూడలేదు. ఫ్రిజ్‌దో, నీళ్ళ పంపుదో అయి ఉంటుంది. ఎందుకలా బిగించావు? రెండడుగుల తీగ మిగుల్చుకోవడానికా? భోజనానికి ఆలస్యమవుతోందనా? బోల్టులు తెమ్మని నన్ను ఎందుకు పంపావో మాత్రం అర్థమైంది.

వైరింగు పనివాళ్ళకు లైసెన్సు ఇచ్చే కార్యాలయంలో నీ మీద ఫిర్యాదు ఇచ్చాను. పద్నాలుగు ఫొటోలు జతపరిచాను. విచారణ సోమవారం పది గంటలకు. నీకూ నోటీసు వస్తుంది. ఆ తీగను ఊడదీసి సాక్ష్యంగా తెమ్మన్నారు. తెస్తాను.

నాకు ఏం కావాలో దాచుకోను. ఇంట్లో లైటు వేసిన ప్రతిసారీ మీ అక్క, మా తమ్ముడి చేతి పని, అనేది. ఆ చేతులకు పని లేకుండా పోవాలి. నువ్వు ఏ తలుపు తట్టినా నీకంటే ముందు నా ఫిర్యాదు అక్కడికి వెళ్ళి ఉండాలి. నీ వ్యాను మీద రాయించుకున్న పేరును నువ్వే గోకి తీసేసే రోజు ఎదురుగా నిలబడి చూస్తాను. కోపంలో రాస్తున్నాననుకోకు. కోపం వేసవిలోనే అయిపోయింది. ఇది మిగిలింది.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని రా. మీ అక్క ఉంటే అదే చెప్పేది.

ఇట్లు,
నిన్నటిదాకా నీకు బావ

తా.క. సాయంత్రం అయింది. ఉత్తరం ఇంకా పోస్టు చేయలేదు. తీగ ఊడదీద్దామని వెళ్ళాను.

అది ఫ్రిజ్‌కు పోలేదు. పంపుకూ పోలేదు. మంచం అంచు వెంబడి మీ అక్క పడుకునే వైపు పోయింది. తెర వెనక గోడ పలకలో అగ్గిపెట్టెంత ప్లగ్గు ఉంది. దాంట్లో కాళ్ళ మెత్త తీగ ఇంకా గుచ్చే ఉంది. మెత్త పరుపు కింద ఉంది.

పలక విప్పాను. వెనకవైపు పెన్సిలుతో ఇంటూ గుర్తు. కింద మీ అక్క రాత. ‘ఫ్యూజూ, ఇక్కడే పెట్టరా. అత్తగారి కంట పడకూడదు. ఆయనకు చెప్పావంటే నా మీద ఒట్టే.’

నీ తప్పు లేదని రాయను. ఆ నల్లతీగ ఎక్కడ బిగించాలో నీకు తెలుసు. ఆ మీటరును నేనెంత నమ్ముతానో కూడా తెలుసు. కానీ దొంగ కనెక్షను ఎందుకు వేసుకోవాల్సి వచ్చిందని ముప్పై ఏళ్ళలో ఏ ఇంటివాళ్ళనూ నేను అడగలేదు. మా ఇంట్లోనూ అడగలేదు.

కార్యాలయానికి ఫోన్ చేశాను. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కుదరదట. విచారణ జరుగుతుంది. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, ఉన్నదంతా చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. తీగతో పాటు బండిలో రోజూ మీటరు లెక్కలు నేను రాసుకున్న పుస్తకం కూడా తెస్తున్నాను. అందులో ఆరో రోజు దగ్గర నా దస్తూరీతో ఒక వాక్యం ఉంది. దాన్ని వాళ్ళకు నేనే చదివి వినిపిస్తాను.

‘మేజోళ్ళు పనిచేస్తున్నాయి. చలి లేదంటోంది.’