పాత పేపర్ల గది మనకే ఉంది

జయకుమారీ,

మన లైబ్రరీ పాత పేపర్ల గది ఎలాగూ పోతుందనుకుని, ఖాళీ చెయ్యమని నిన్న నీకు ఫోన్లో చెప్పాను. ఆ మాట మర్చిపో. కట్టిన మూటలు విప్పి, కింద వేపాకు పరిచి, ఏ ఏడాదివి ఆ అరలో సర్దెయ్.

ఆ గదిని మిర్చి వ్యాపారులకు అద్దెకిద్దామని ఈ ఉదయం కౌన్సిల్లో ప్రతిపాదన పెట్టారు. నేను మాట్లాడబోతే ఛైర్మన్ త్రినాథ్ గారు బల్ల చరుస్తూ అరిచారు. రిటైరై, కౌన్సిలర్నై ఏడాదైనా నా లైబ్రరీ అలవాటు పోలేదు. నోటి మీద వేలు పెట్టుకుని ఆయన్ని "ఉష్" అన్నాను. అందరి ముందూ.

సస్పెండ్ చేస్తారనుకున్నాను. ఆయన చప్పున కూర్చుని "సారీ మేడమ్" అన్నారు. గ్రూప్ టూకి చదివిన మూడేళ్లూ ఆయన కూర్చున్నది ఆ గదిలోనే. హాలు నిశ్శబ్దమయ్యాక నేను నెమ్మదిగానే చెప్పాను. గది లైబ్రరీకే ఉంచాలని తీర్మానమైంది.

మరొక సంగతి. ఆయన తీసుకెళ్లిన పుస్తకం ఒకటి పంతొమ్మిదేళ్లుగా తిరిగి రాలేదని మన రిజిస్టర్లో ఉంది. తీర్మానం మీద ఆయన సంతకం పడేదాకా గుర్తు చెయ్యకు.

నీ పాత మేడమ్,
పదకొండో వార్డు కౌన్సిలర్