అలమరలో మూసేసిన స్పీకర్

అమ్మాయీ,

బస్సుకి వేళైంది, అందుకే రాసి పెడుతున్నాను. హోమ్ థియేటర్ వాల్యూం ఇకమీదట యాభైకి తిప్పకు, ఆ అవసరం లేదు. వార్తలకి ఇరవై రెండు, సినిమాకి ముప్పై చాలు. పాప నిద్రపోతుంటే పద్దెనిమిది దాటించకు.

టీవీ కింద అలమర తలుపు మాత్రం మూయకు. పొద్దున మెకానిక్ అది తీసి నవ్వాడు. "మాటలన్నీ ఈ సెంటర్ స్పీకర్‌లోంచే వస్తాయండీ, పక్క స్పీకర్లలోంచి వచ్చేవి సంగీతం, చప్పుళ్లే. లోపల పెట్టి తలుపేస్తే, నోరు నొక్కి మాట్లాడమన్నట్టుంది" అన్నాడు. దుమ్ము పడుతుందని ఆరేళ్ల కిందట లోపల పెట్టింది నేనే. నా కుర్చీ ఆ అలమర పక్కనే కనుక నాకు వినిపించేది.

నిన్న నిన్ను "మీ అత్త చెవుడు నీకూ అంటుకుందా?" అన్నాను. తప్పు నాది. నువ్వు ఎదురు చెప్పి మెకానిక్‌ని పిలిపించావు. మీ అత్త ఉన్నన్నాళ్లూ ఎదురు చెప్పలేదు. వాల్యూం పెంచినప్పుడల్లా నా చేత తిట్లు తిని, చివరికి పెంచడం మానేసి, ఊరికే బొమ్మలు చూస్తూ కూర్చునేది. "కథేం అర్థమవుతోందే నీకు?" అని వెక్కిరిస్తే, "మీరు అరవకుండా ఉంటే అదే చాలు" అనేది.

పాలు కాచి మూతపెట్టాను.

ఇంకో సంగతి. మీ అత్తకి చెవుడని మీ ఆయన్నీ, చుట్టాలనీ, ఆఖరికి ఆవిడనీ నమ్మించింది నేను. ఆవిడ చెవులు బాగానే ఉండేవి. వాడికి నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు.