అర మార్కు పిల్లవాడు

కంప్యూటర్ మేడమ్ గారికి,

లెక్కల మాస్టారు నమస్కారాలు చెప్పి మొదలుపెడుతున్న ఫిర్యాదు ఇది.

మీరు ఆ ఊరి బ్రాంచికి వెళ్లేముందు మన బడి సాఫ్ట్‌వేర్‌లో గ్రేడింగ్ స్కేల్ పెట్టి వెళ్లారు కదా, దాంట్లో ఒక చిల్లు కనబడింది. అరవై నుంచి డెబ్భై తొమ్మిది దాకా బి అన్నారు. నలభై నుంచి యాభై తొమ్మిది దాకా సి అన్నారు. బాగానే ఉంది. మరి యాభై తొమ్మిదిన్నర వచ్చినవాడు ఎక్కడికి పోవాలండీ? నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడికి సరిగ్గా అంతే వచ్చింది. అందరికీ గ్రేడు పడింది, వాడి పేరు పక్కన మాత్రం ఉత్త గీత. బి వాళ్లు రమ్మనరు, సి వాళ్లు ఉండమనరు. వెనక బెంచీలో కూర్చుని గేటు వైపు చూస్తుంటాడు పాపం. వాడి సంరక్షకులు దూరంగా ఉన్నారట.

ఫోన్ చేద్దామంటే, సాఫ్ట్‌వేర్ సంగతులన్నీ కాగితం మీదే ఉండాలని ప్రిన్సిపాల్ గారి హుకుం. అందుకే రెండు బ్రాంచీల మధ్య తిరిగే వ్యాన్ డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
లెక్కల మాస్టారు

తా.క. స్టాఫ్‌రూమ్‌లో మీ కుర్చీ మీద డ్రిల్లు మాస్టారు ఫుట్‌బాల్‌లు పెడుతున్నాడు. రోజూ తీసి కింద పెడుతున్నాను. మీరు అక్కడే శాశ్వతంగా ఉండిపోతారో లేదో తేల్చి సంతకం పెట్టమని కాగితం వచ్చిందని విన్నాను. పెట్టేశారా? ఊరికే అడిగాను.

* * *

లెక్కల మాస్టారికి నమస్కారం.

నా స్కేల్‌కి చిల్లేమీ లేదండీ. మన బడిలో అర మార్కు వేసే అలవాటు లేదు కాబట్టి పూర్తి అంకెలతో సరిపెట్టాను. పిల్లలు కాళ్లావేళ్లా పడ్డా పావు మార్కు రాల్చని మీరు, అర మార్కు వేశారంటే వింతగా ఉంది. సరే, సెట్టింగుల్లోకి వెళ్లి సి గ్రేడు వరసలో ‘వరకు’ అన్న గడి చూడండి. 59 తీసేసి 59.99 కొట్టి సేవ్ నొక్కండి. ఆ ఒక్క గడే. ఇంకేదీ ముట్టుకోకండి, మీకు దణ్ణం పెడతాను. ఏదైనా పరీక్షించి చూడాలంటే ఉత్తుత్తి విద్యార్థిని ఒకణ్ణి చేర్చుకుని వాడి మీద ప్రయోగం చెయ్యమని నేర్పాను, గుర్తుందిగా?

ఉంటాను,
కంప్యూటర్ మేడమ్

తా.క. సంతకం ఇంకా పెట్టలేదు. నెలాఖరు దాకా గడువుంది. ఇక్కడ గది పెద్దది, ఏసీ ఉంది, కొత్త కంప్యూటర్లున్నాయి. మాట్లాడే మనిషే లేరు. ఇంటికెళ్లినా గోడలతోనే కబుర్లు.

* * *

కంప్యూటర్ మేడమ్ గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. కాకపోతే 59.99 కొట్టబోయి 99.59 కొట్టాను. సేవ్ కూడా నొక్కాను. ఒక్క దెబ్బతో బడి మొత్తానికి సి వచ్చేసింది. ఫస్ట్ ర్యాంకు అమ్మాయి వాళ్ల నాయనమ్మ గారు వచ్చి, “నా మనవరాలికి సి ఏమిటండీ? ముందు మీ కళ్లు చూపించుకోండి!” అని ప్రిన్సిపాల్ గారిని దులిపేశారు. ఆయన నన్ను దులిపారు. నేను ఎవర్ని దులపాలో తెలియక మీ కుర్చీ దులిపి వచ్చాను.

తర్వాత సరిచేశాను లెండి. కానీ ఎందుకైనా మంచిదని ఆ పిల్లవాడి సగటు మళ్లీ కట్టి చూస్తే 59.995 తేలింది! మళ్లీ చిల్లులోనే పడ్డాడు. ఏం చెయ్యమంటారు?

ఇట్లు,
మీ లెక్కల మాస్టారు

తా.క. పిల్లవాడు మధ్యాహ్నం డబ్బా తెరుస్తాడు. ఎదురుగా ఎవరూ ఉండరు. మళ్లీ మూత పెట్టేస్తాడు.

* * *

మాస్టారూ,

59.995 ఏ పరీక్షలో వస్తుందండీ? ప్రశ్నకి ఎన్ని మార్కులు పెట్టారు, పేపరు గ్రాముల్లో తూచారా?

నా పనికి వంకలు పెట్టడమే మీ ఉద్దేశమని అర్థమైంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ల ఇంజనీరుని పంపించమంటాను. మంచి చురుకైనవాడు, విసుక్కోడు. అంతదాకా ఆగలేకపోతే ఆ పిల్లవాడి పేరు డిలీట్ కొట్టి పారెయ్యండి, పీడా పోతుంది. నేను పెట్టిన స్కేల్ మీకు ఇంతగా గుచ్చుకుంటుంటే, తిరిగొచ్చి నేను అక్కడ ఏం ఉద్ధరిస్తాను? శుక్రవారం ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తాను.

సెలవు,
కంప్యూటర్ మేడమ్

తా.క. డబ్బా సంగతి చదివి మనసు చివుక్కుమంది. తినమనండి వాణ్ణి. నేను చెప్పానని చెప్పండి.

* * *

మేడమ్ గారూ,

వ్యాన్ స్టార్టయింది, నమస్కారం బాకీ. సంతకం పెట్టొద్దు. పిల్లవాణ్ణి డిలీట్ చెయ్యమనొద్దు. ఇంజనీరు అసలే వద్దు, ఆయన ఎంత చురుకైనవాడైతే నాకేంటి!

మీ స్కేల్ బంగారం. తప్పంతా పిల్లవాడిదే. వాడికి గ్రేడుతో పని లేదు. బి ఇచ్చినా నవ్వడు, సి ఇచ్చినా ఏడవడు. వాడి సంరక్షకులు ఒక్కసారి వస్తే చాలు. ఈ శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. రమ్మని అడగడం వాడికి చేతకావడం లేదు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఈ ఒక్క ముక్క నాకూ చెప్పడం రావడం లేదు. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు.

మీ,
లెక్కల

తా.క. మీరు లేక బడి బోసిపోయింది. బడంతా అని కాదు.

* * *

మాస్టారూ,

తొమ్మిదో తరగతిలో నలభై మంది. పేర్లన్నీ ఎక్కించింది నేనే. నలభై ఒకటో నంబరు విద్యార్థి ఎవరో నాకు తెలుసు. వాడికి మీ పేరే ఉంది, మీ ఇంటిపేరే ఉంది, పుట్టినతేదీ కూడా మీదే. తొమ్మిదో తరగతికి నలభై ఆరేళ్లు కాస్త ఎక్కువేమో చూసుకోండి.

ఉత్తుత్తి విద్యార్థికైనా సంరక్షకుల ఫోన్ నంబరు లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ సేవ్ కానివ్వదు. అక్కడ మీరు నా నంబరు కొట్టారు. గ్రేడు పడినా, పడకపోయినా పిల్లల ఇంటికి అది దానంతటదే మెసేజ్ పంపుతుందని మీకు చెప్పడం మర్చిపోయాను. మీ మొదటి ఉత్తరం కన్నా ముందే నా ఫోన్‌కి వచ్చింది: “మీ పిల్లవాడికి గ్రేడు కేటాయించబడలేదు. దయచేసి పాఠశాలకు రండి.” చూసి పడీపడీ నవ్వాను. తర్వాత ఆ ఏసీ గదిలో కూర్చుని ఏడ్చాను కూడా. 59.995కి మరో మెసేజ్ వచ్చింది. మధ్యలో ఒకరోజు మీకు సి వచ్చిందని కూడా వచ్చింది, అభినందనలు.

తెలిసీ ఎందుకు ఇన్ని ఉత్తరాలు రాయించారని అడుగుతారేమో. పావు మార్కు రాల్చని మనిషి, నా కోసం ఎంతదాకా రాలుస్తారో చూద్దామనిపించింది. అందరి ముందూ నోరున్న మీరు నా ముందు మూగనోము పడతారు. నేను మాత్రం తక్కువా! ట్రాన్స్‌ఫర్ వచ్చిన రోజు మీరు “ఉండండి” అంటారేమోనని గేటు దాకా నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాను. మీరు సుద్దముక్కలు లెక్కపెడుతున్నారు.

సంతకం పెట్టేశాను. కంగారు పడకండి, ‘ఉండను’ అన్నచోట. శనివారం సమావేశానికి వస్తున్నాను. పిల్లవాణ్ణి తల దువ్వుకుని గేటు దగ్గర నిలబడమనండి.

ఇట్లు,
మీ సంరక్షకురాలు

తా.క. ఆ రోజు డబ్బా మూత నేనొచ్చేదాకా తియ్యొద్దనండి. ఎదురుగా కూర్చుంటాను.