టైగర్‌ని పంపలేదు

సుశీలా,

టీవీలో కార్గిల్ ఫిరంగుల మోత, కిటికీ బయట మాదాపూర్ గుట్టల పేలుళ్లు. కొత్త ఆఫీసుల కోసం రోజూ బండలు పేలుస్తున్నారు. నువ్వు పోయినప్పటి నుంచి ఆ చప్పుడుకు మన టైగర్ నీ మంచం కింద దూరి, అన్నం ముట్టడం లేదు. ఎముకలు తేలిన కుక్కను చూసి పక్కింటి యాదమ్మ నిన్న అంది: "గిట్లైతే బతకదన్నా. గోపన్‌పల్లిల మా తమ్మునింట్ల ఇడిశిపెడ్త. ఆడ గీ లొల్లి లేదు." సరేనన్నాను.

పేల్చే ముందు వాళ్లు విజిల్ వేయగానే నువ్వు గరిటెతో ఇత్తడి గిన్నె వాయించేదానివి. "పేరుకే టైగర్! ఆ చప్పుడు నాదేరా, పిరికోడా," అని నవ్వేదానివి. ఇవాళ విజిల్ వినగానే నేను వాయించాను. బండ పేలింది. నేను ఆపలేదు.

టైగర్ తోక ఊపుతూ వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసి ఆగింది. నా వెనక్కి, తలుపు చాటుకి చూసింది. నేనూ తిరిగి చూశాను.

అన్నం పెడితే సగం తింది.

సాయంత్రం యాదమ్మ గొలుసు తెచ్చింది. "వద్దు యాదమ్మా," అన్నాను. "అక్కడికి పంపితే ఆమెను ఎక్కడ వెతుక్కుంటుంది?"