అత్తమ్మ పాటల క్యాసెట్

ఆమదాలవలస,
14 ఆగస్టు 2014

ప్రియమైన లీలారాణి వదినకు,

మీ మరదలు ప్రిస్కిల్లా ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. నా చదువు ఐదో తరగతితో ఆగింది. అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. సర్దుకుని చదువుకోండి.

అత్తమ్మ గొంతు కుట్లు మానాయి. గంజి తాగుతున్నారు. మాట మాత్రం రాలేదు. రాదని డాక్టరు ముందే చెప్పారు కదా.

అత్తమ్మ పాటలు ఫోన్‌కి పంపమని మీరు మూడుసార్లు అడిగారు. మీ తమ్ముడు పక్కన ఉండగా చెప్పలేక, ఈ క్యాసెట్‌తో పాటు రాస్తున్నాను.

ఆపరేషన్‌కి ముందే అమ్మ పాటలు ఇంట్లో రికార్డు చేయాలని ఆయన కంప్యూటర్‌కి తగిలించే చిన్న పెట్టె, మైకు కొనుక్కొచ్చారు. మామయ్యగారి టేప్ రికార్డరు అటక మీద ఉంది, అది చాలదా అని అడిగాను. టేపులో తప్పొస్తే మళ్లీ మొదట్నించీ పాడాల, ఇందులో తప్పు ముక్కొక్కటే కోసీవచ్చు అన్నారు.

అత్తమ్మను ఒక్కరినే గదిలో కూర్చోబెట్టి, తలుపేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి టిక్కుటిక్కుమనే తాళం వినిపించారు. చర్చి స్త్రీల సమాజంలో ఆవిడ ఒక పాదం పాడితే మిగతావాళ్లు దాన్నే తిరిగి పలుకుతారు. ముప్పై ఏళ్ల అలవాటు. ప్రతి పాదానికీ ఆగి తలుపు వైపు చూసేవారు. ఏటమ్మా ఆగిపోతన్నావు అని ఈయన. పలికినోళ్లు లేకపోతే పాటేట్రా, గోడకి సెప్పుకున్నట్టున్నాది అని ఆవిడ. ఈయన ఆ ఖాళీలు కోసేసి, ఊపిరి చప్పుడు తీసేసి, శ్రుతి సరిచేసి పదకొండు పాటలు తయారుచేశారు. చాలా శుభ్రంగా వచ్చాయి.

ఆసుపత్రికి వెళ్లే ముందురోజు చూస్తే కంప్యూటర్‌లో ఒక్కటీ లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు చెరిగిపోయాయని ఈయన తల పట్టుకున్నారు. ఇక టైము లేక టేప్ రికార్డరు దించారు. ఒకే మైకు ముందు అత్తమ్మను, పలకడానికి నన్ను కూర్చోబెట్టారు. చర్చిలో కూడా నేను పెదవులు కదపడమే గానీ గొంతెత్తి ఎరగను. మొదటి పాటకి మధ్యలోనే ఆగిపోయాను. అత్తమ్మ ఆగలేదు, నా మోకాలి మీద తాళం కొడుతూ పాడించారు. ఆ చప్పుడు కూడా టేపులో పడింది. ఆరు పాటలకే ఆవిడ గొంతు పట్టేసింది.

మీరు అడిగిన మీ పెళ్లినాటి పాట ఆ ఆరింటిలో లేదు వదినా.

ఇట్లు,
మీ మరదలు
ప్రిస్కిల్లా

తా.క. కరెంటు చేసిన పని కాదు. ఈయన పనికి వెళ్లాక ఆ పాటలు అత్తమ్మకి వినిపించాను. రెండు విని చెవులకున్నవి తీసేశారు. ఇది పాడింది నాను కాదు, రేపు నా గొంతు పోతే ఈ ఎవర్తో నా పేరెట్టుకుని ఉండిపోతాది, సెరిపీ పిల్లా అన్నారు. వదిన పెళ్లి పాట ఒక్కటైనా ఉంచుదామా అని అడిగాను. వద్దని తల అడ్డంగా ఊపారు. ఈయన పక్కన కూర్చుని చూసి నేర్చిన పనే, అన్నీ చెరిపి కంప్యూటర్‌లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. టేపులో ఆ పాట వరకూ వస్తారనుకున్నాను, రాలేకపోయారు. మీ కోపం నా మీదే పెట్టుకోండి. మీ తమ్ముడిని కరెంటునే తిట్టుకోనివ్వండి. చదవగానే ఈ ఉత్తరం పొయ్యిలో వేయండి.